ఏ నెలలో కొలిచారు

పెద్ద టీచరు గారు పోయారు. మే నెల మొదటి వారంలో ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, కాసేపు నడుం వాలుస్తానని తమ్ముడి కోడలితో చెప్పి పడుకున్నారట. మళ్ళీ లేవలేదు. రేవులో పడవ నడిపే ఆయన నాకు ఫోన్ చేసి కబురు చెప్పాడు. చెప్పాక కొంచెం ఆగి, మీకు ముందు చెప్పాలనిపించిందండి అన్నాడు. ఎందుకనిపించిందో అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

నిజం దాచడం ఎందుకు, ఫోన్ పెట్టేశాక ఏడుపు కంటే ముందు నాకు పెద్ద ఊపిరి వచ్చింది. మంచాన పడి ఒకరి చేత చేయించుకునే రోజు రాకూడదని ఆవిడ ఎప్పుడూ అనేవారు. ఆ రోజు రాలేదు. రెండో సంగతి నా సొంతం. ఆవిడ బడి విషయంలో నేనొక తప్పు చేశాను. ఆవిడ ఉండగానే, గడువు దాటకముందే, దాన్ని దిద్దుకోగలిగాను. అది దిద్దుకోకుండా ఈ కబురు వినుంటే నా పరిస్థితి ఏమయ్యేదో ఊహించుకోవడానికి కూడా ఇష్టం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నాను.

ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన గోదావరి పాయలు పాయలుగా చీలుతుంది కదా. ఒక పాయకు ఇవతల గట్టున మా మండల కేంద్రం. అవతల, ఏటి మధ్యలో, ఒక చిన్న లంక. అరటి, పొగాకు, కూరగాయలు పండించుకునే వాళ్ళు. ఆ లంకలో ఏడో తరగతి దాకా ఉన్న ప్రభుత్వ బడికి ఆవిడ హెడ్మిస్ట్రెస్. నలుగురు ఉండాల్సిన చోట ఇద్దరే టీచర్లు కాబట్టి ఒకరు పెద్ద టీచరు గారు, ఒకరు చిన్న టీచరు గారు అయ్యారు. మిగతా రెండు ఖాళీలూ నేను ఉద్యోగంలో చేరేనాటికే ఖాళీలు. నేను మండల విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తాని. మా నాన్నగారు సర్వీసులో ఉండగా పోతే నాకు ఇచ్చిన ఉద్యోగం అది. అప్పటికి ప్రొబేషన్ కూడా పూర్తి కాలేదు.

నెలాఖరుకి బిల్లు ఇవ్వడానికి ఆవిడ ఆఫీసుకి వచ్చేవారు. ఎండైనా వానైనా మబ్బైనా చేతిలో నల్ల గొడుగు. దాన్ని విప్పగా నేను చూసింది తక్కువ. నేల మీద గీతలు గీసి లెక్కలు చెప్పడానికి, కుక్కల్ని అదిలించడానికి, పడవ దిగేటప్పుడు ఊతకు, ఇలా సకల పనులకూ పనికొచ్చేది ఆ గొడుగు. సంచిలో నాలుగు చక్కెరకేళీ పళ్ళు తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు. మొదటిసారి నేను మొహమాటపడితే, ఇది లంచం కాదులెండి, లంచమిచ్చే పనేదీ మీ చేతిలో లేదు అన్నారు. అది నిజమే అని మా సూపరింటెండెంటు గారు పగలబడి నవ్వారు. నాకు మాత్రం కొంచెం రోషం వచ్చింది. పళ్ళు తిన్నాక తగ్గింది.

ఆఫీసుకి ఆవిడ రాసే ఉత్తరాలన్నీ పాత పరీక్ష పేపర్ల వెనక వైపు ఉండేవి. పైన తేదీ, మధ్యలో గుండ్రటి అక్షరాలు, కింద సంతకం. తిప్పితే ఏ ఐదో తరగతి పిల్లో రాసిన జవాబు, ఎర్ర సిరాతో మార్కులు. అప్పటి మా మండల విద్యాధికారి గారు, అంటే మా ఆఫీసరు గారు, ఒకసారి ఇదేం పద్ధతండీ అని అడిగారు. వెనక తెల్లగానే ఉంది కదండీ అన్నారావిడ. సుద్దముక్క బఠాణీ గింజంత అయ్యేదాకా వాడేవారు. ఆ గింజల్ని కూడా ఒక డబ్బాలో దాచి, ఒకటో తరగతి పిల్లల చేత పలకల మీద రాయించేవారు. పొదుపు చేయమని ప్రభుత్వం ఆవిడకు కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు.

కానీ నేర్పడానికి వచ్చింది. తొంభైల చివర్లో మా వైపు పరిస్థితి ఎలా ఉండేదో ఈ ప్రాంతం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రొయ్యల చెరువులకు తెగులొచ్చి కళ్ళముందే కోట్లు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. కొబ్బరి ధర కాయలు దింపే కూలికి కూడా సరిపోలేదు. పైన ప్రభుత్వానికీ డబ్బు లేదని రోజూ పేపర్లో వచ్చేది. కొత్త పోస్టులు లేవు, ఉన్న ఖాళీలు నింపరు, చిన్న బడుల్ని పక్క బడుల్లో కలిపేస్తారని చెప్పుకునేవాళ్ళు. విచిత్రం ఏమిటంటే సరిగ్గా అప్పుడే ఆ లంక బడిలో పిల్లలు పెరిగారు. రొయ్యలు బాగున్న రోజుల్లో టై కట్టించి పడవెక్కించి కాన్వెంటుకు పంపిన వాళ్ళు, ఫీజు కట్టలేక ఒక్కొక్కరే పిల్లల్ని తీసుకొచ్చి మళ్ళీ ఇక్కడ చేర్పించారు. ఆ టైలు పిల్లలు కొన్నాళ్ళు అలాగే కట్టుకొచ్చారట. ఆవిడ ఏమీ అనలేదు.

"జనం దగ్గర డబ్బులున్నప్పుడు మన బడి ఎవరికీ అక్కర్లేదండి. లేనప్పుడే అందరికీ కావాలి. మూసేస్తామని మీరు అనేది కూడా సరిగ్గా అప్పుడేనండి" అని మా ఆఫీసరు గారితోనే అన్నారు ఒకసారి. ఆయన తల గోక్కుని, నేనేం చేయనండీ, పైనుంచి వచ్చింది అన్నారు. మా ఆఫీసులో అందరి కంటే ఎక్కువ పనిచేసే మాట అది.

హెడ్మాస్టర్ల మీటింగు ఒకటి గుర్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి సలహాలివ్వండి అన్నారు ఆఫీసరు గారు. ఆవిడ లేచి నిలబడ్డారు. సుద్దముక్కలు తగ్గించండి, రిజిస్టర్లు తగ్గించండి, ఈ మీటింగులు కూడా తగ్గించండి అనేసరికి గదంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. మనిషిని మాత్రం తగ్గించకండి, బడి అంటే మనిషేనండి అని కూర్చున్నారు. తర్వాత ఇంకో మాట కూడా అడిగారు. ఆ ఏడు ఏదో స్కీములో లంక బడికి ప్రహరీగోడ మంజూరైంది. ఆ గోడ మాకు వద్దు, ఆ డబ్బుతో ఒక టీచర్ని ఇవ్వండి అన్నారు. అలా కుదరదండీ, గోడ పద్దు వేరు, జీతం పద్దు వేరు అని ఆఫీసరు గారు ఓపిగ్గానే చెప్పారు. మా ఇంట్లో కూడా పప్పు డబ్బా వేరు, ఉప్పు డబ్బా వేరేనండి, వంట మాత్రం ఒకటే అన్నారావిడ. ఆ మాట మినిట్స్ పుస్తకంలో రాయాలా వద్దా అని నేను చాలాసేపు ఆలోచించి, మానేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఇక నా తప్పు. ఆ ఏడు వేసవిలో, పక్క బడికి కిలోమీటరు లోపు దూరంలో ఉన్న చిన్న బడుల జాబితా పంపమని పైనుంచి కాగితం వచ్చింది. మండలంలో బడులన్నీ తిరిగి దూరాలు రాసుకొచ్చే పని నా మీద పడింది. మే నెల. సైకిల్ మీద తిరిగి తిరిగి లంకకు వెళ్ళేసరికి నా ఒళ్ళు నల్లగా మాడిపోయింది. ఆనకట్ట దగ్గర గేట్లు దించేస్తారు కదా, వేసవిలో ఆ పాయలో చుక్క నీరుండదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసుకే. చిన్నప్పటి నుంచీ ఆ ఇసుకలో నడిచినవాణ్ణి. రేవులో సైకిల్ పెట్టి, మధ్యలో పుచ్చపాదుల వాళ్ళ దగ్గర ఒక ముక్క తిని, హాయిగా నడుచుకుంటూ వెళ్ళాను.

ఇసుక నడిమధ్యన ఒక సరుగుడు గెడ పాతి ఉంది. రెండు నిలువులకు తక్కువుండదు. కొసన ఎర్రగుడ్డ. ఎవరి మొక్కుబడో అనుకున్నాను. దాని నీడ చిటికెన వేలంత ఉంటే, ఆ నీడలోనే నిలబడి మొహం తుడుచుకున్నాను కూడా. అవతల బడికి తాళం వేసి ఉంది. సెలవులు కాబట్టి పెద్ద టీచరు గారు సామర్లకోటలో చెల్లెలి ఇంటికి వెళ్ళారని చెప్పారు. నేను అడుగులు లెక్కేసుకుంటూ వెనక్కి వచ్చి, ఇవతల గట్టున ఉన్న హైస్కూలు గేటు దగ్గర ఆగి, పుస్తకం తీసి రాశాను: "దూరం కిలోమీటరు లోపు. నడకదారి కలదు." కింద సంతకం. ఇంటికొచ్చి చల్లటి మజ్జిగ తాగి, ఒక పని అయిపోయిందని నిద్రపోయాను.

జూలైలో ఆర్డరు వచ్చింది. లంక బడిని ఇవతలి బడిలో కలిపేశారు. ఆగస్టు నెలాఖరుకి టీచర్లిద్దరూ వేరే చోట చేరాలి, పిల్లల్ని ఇక్కడికి పంపాలి. ఆ కాగితం పట్టుకుని ఆవిడ ఆఫీసుకి వచ్చారు. గొడుగు మూలన పెట్టి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగారు. అరుస్తారని నేను లోపల సిద్ధపడుతున్నాను. ఈ దూరం ఎవరు కొలిచారని అడిగారు. నేనేనండి అన్నాను. ఆవిడ నా వైపు చూసి ఒక్కటే మాట అడిగారు.

"ఏ నెలలో కొలిచారు?"

మే నెలలోనండి అని చెబుతుండగానే నాకు సంగతి తట్టింది. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి. ఆ పాయలో ఆగస్టులో ఎంత నీరు పారుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆ రోజు పుస్తకం తీసినప్పుడు ఆ నీరు నా బుర్రలోకి రాలేదు. ఇసుక కనబడింది, దారి అని రాశాను.

"అయితే తప్పు నెలదేనండి. కానీ సంతకం నెల పెట్టదు కదా" అన్నారావిడ. ఆ తర్వాత, ఎర్రనీరు వచ్చాక ఒకసారి మా వైపు రండి గుమాస్తా గారూ, మీ దారిలో నడిచి వద్దాం అని చెప్పి గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. చక్కెరకేళీ పళ్ళు మాత్రం ఎప్పటిలాగే బల్ల మీద ఉన్నాయి. ఆ రోజు నాకు తినబుద్ధి కాలేదు.

ఎగువన వానలు పడితే గోదావరికి ముందుగా వచ్చే వరద నీటిని మేం ఎర్రనీరు అంటాం. దానికోసం రైతులు ఎదురుచూస్తారు. ఆ ఏడు నేను మాత్రం అది రాకూడదని కోరుకున్నాను. వెళ్ళి చూస్తే ఏం కనబడుతుందో నాకు తెలుసు. చూశాక ఏం రాయాలో కూడా తెలుసు. నేను కొలిచింది తప్పు అని నా చేత్తో రాస్తే ప్రొబేషన్ గోవిందా. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు. నాన్న పోయాక ఆ ఉద్యోగమే మాకు నాన్న. రాయకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఇలా మూడు వారాలు అన్నం సయించక, ఒంట్లో బాగాలేదా అని అమ్మ అడిగితే విసుక్కుని గడిపాను.

ఎర్రనీరు నా కోరిక వినలేదు. ధవళేశ్వరం దగ్గర గేట్లు ఎత్తారని, మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని రేడియోలో చెప్పిన మర్నాడు పొద్దున్న నేను రేవుకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. వెళ్ళకుండా ఉండలేకపోయాను, అంతే. ఆవిడ అప్పటికే పడవలో ఇవతలికి వచ్చి రేవు మెట్ల మీద నిలబడి ఉన్నారు. వస్తారని తెలుసండి అన్నారు. నాకే తెలియని సంగతి ఆవిడకెలా తెలిసిందో అడగలేదు.

మే నెలలో నేను పావుగంటలో దాటిన పాయ అది. ఆ రోజు ముప్పావుగంట పట్టింది. వరదలో పడవని సూటిగా అడ్డం వదలడానికి లేదు. ముందు గట్టు వెంబడే ఎగువకు చాలా దూరం లాక్కెళ్ళి, అక్కడి నుంచి వదిలితే ప్రవాహం దాన్ని దిగువకు తోసుకుంటూ పోయి అవతలి రేవులో పడేస్తుంది. పడవలో ఒక ఆడమనిషి ఉంది, కూరగాయలమ్మి తిరిగి వెళ్తోంది. ఆమె కూతురు ఆరో తరగతి. మగపిల్లోడైతే ఎలాగో పంపేదాన్నండి, ఆడపిల్లని రోజూ ఇందులో ఎక్కించి నేను చేలో పనెలా చేసుకుంటానండీ, మానిపించేత్తాను అంది. నన్ను చూసి అనలేదు. నేనెవరో ఆమెకి తెలియదు. పెద్ద టీచరు గారు నా వైపు వేలు చూపించి ఈయనేనమ్మా అనుంటే నేను ఏమయ్యేవాణ్ణో. ఆవిడ గొడుగు పిడి వైపు చూస్తూ కూర్చున్నారు.

నడిమధ్యకి వచ్చేసరికి పడవ ఆయన గెడ ఎత్తేసి తెడ్డు అందుకున్నాడు. ఇక్కడ గెడ అందదండి అన్నాడు. అప్పుడు చూశాను. కొంచెం దూరంలో, ఎర్రటి నీళ్ళ మీద, జానెడు కర్ర, దాని కొసన ఎర్రగుడ్డ. దాని చుట్టూ నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. నేను మొహం తుడుచుకున్న చోటు అది. నా తల ఉండాల్సిన చోటుకి పైన ఇంకొక మనిషి నిలువు నీరుంది. పడవ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"ఆ గెడ ఎందుకో మే నెలలో అడగలేదేంటండీ?" అని అడిగారు పెద్ద టీచరు గారు.

ఎవరిదో మొక్కుబడి అనుకున్నానండి అన్నాను. ఆవిడ మొదటిసారి నవ్వారు.

"మొక్కుబడేనండి. ఈ గుడ్డ తడవకూడదనే ఏటా మా మొక్కు."

తర్వాత వివరంగా చెప్పారు. ఏటా ఏప్రిల్లో, బడి ఆఖరి రోజున, ఏడో తరగతి పిల్లలంతా వెళ్ళి ఇసుకలో ఆ గెడ పాతుతారట. గెడ పొడవు వాళ్ళే కొలవాలి, నీడని బట్టి లెక్కగట్టాలి, మూరమూరకీ గాటు పెట్టాలి. వరదలో రోజూ గట్టు మీద నుంచి ఎన్ని గాట్లు మునిగాయో చూసి బోర్డు మీద రాస్తారు. గుడ్డ తడిస్తే బడికి సెలవు, ఊళ్ళో మూటలు కట్టుకోవడం మొదలు. ఇరవై ఏళ్ళలో రెండుసార్లే తడిసిందట. లెక్కల పాఠం, సోషలు పాఠం, ప్రాణం కాపాడుకునే పాఠం, మూడూ ఒక సరుగుడు గెడతో. ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు, పాతించే మనిషి ఉంటే చాలు.

లంకలో దిగి బడికి వెళ్ళాం. వరండాలో చిన్న టీచరు గారు మూడు తరగతుల్ని ఒక్కచోట కూర్చోబెట్టి చెబుతున్నారు. పెద్ద టీచరు గారు నాకొక స్టూలు వేసి, ఒక పాత పరీక్ష పేపరు బోర్లా పెట్టి, పెన్ను ఇచ్చి, మీ ఇష్టం అండి అని తరగతిలోకి వెళ్ళిపోయారు. ఏం రాయాలో ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడ చెప్పుంటే, ఆవిడ రాయమంటే రాశానని తర్వాత చెప్పుకోవడానికి నాకొక దారి ఉండేది. ఆ దారి కూడా మూసేశారు. లోపల ఎక్కాలు చెబుతున్న పిల్లల గొంతులు వింటూ కాసేపు కూర్చున్నాను. తర్వాత రాశాను. నేను మే నెలలో కొలిచానని, అప్పుడు పాయలో నీరు లేదని, జూలై నుంచి నీరుంటుందని తెలిసీ రాయడం మరిచిపోయానని, ఇప్పుడు రెండు నిలువుల నీరు నేను స్వయంగా చూశానని, నడకదారి లేదని. కింద సంతకం పెట్టాను.

మర్నాడు ఆ కాగితం మా ఆఫీసరు గారి బల్ల మీద పెట్టి నిలబడ్డాను. మెమో ఇస్తారని, కనీసం నాలుగు చీవాట్లు తప్పవని ఊహించుకుని వెళ్ళాను. ఆయన చదివారు. అలవాటు కొద్దీ వెనక్కి తిప్పారు. వెనక ఎవరో పిల్ల సోషలు జవాబు రాసి ఉంది. అది కూడా చదివారు. ఆయనది కూడా గోదావరి గట్టు మీద ఊరే.

"నీ కాగితం మీద నేనూ సంతకం పెట్టాను కదయ్యా. నాకూ తట్టలేదు. బయటివాడెవడైనా వచ్చుంటే ఏరు అని రాసేవాడు. మనం కాబట్టి దారి అని రాశాం" అన్నారు.

మెమో ఇవ్వలేదు. నా కాగితానికి తన కాగితం ఒకటి జతచేసి, తాను కూడా పొరబడ్డానని రాసి పైకి పంపారు. ఆ పెద్దమనిషి ఇప్పుడు లేరు. వారికి కూడా ఈ సందర్భంలోనే దణ్ణం పెట్టుకుంటున్నాను. ఆగస్టు ఆఖరి వారం దాకా జవాబు రాలేదు. చిన్న టీచరు గారు సామాను సర్దుకోవడం కూడా మొదలుపెట్టారు. ఇంకో నాలుగు రోజుల్లో గడువనగా జవాబు వచ్చింది. లంక బడి విలీనాన్ని "తదుపరి ఉత్తర్వుల వరకు" నిలిపివేస్తున్నాం అని ఉంది. నేను ఆ కాగితం ప్యూనుకి ఇవ్వలేదు. చొక్కా లోపల పెట్టుకుని, వర్షంలో తడుస్తూ, పడవెక్కి నేనే వెళ్ళాను.

ఆవిడ బడి మెట్టు మీద కూర్చుని కాగితం చదివారు. రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. హమ్మయ్య అన్నారు. అంతే. ఆ ఒక్క మాటతో నా గుండెల మీద నుంచి కూడా ఏదో దిగిపోయింది. ఇప్పటికీ ఎవరైనా హమ్మయ్య అంటే నాకు ఆ మెట్టు, ఆ వాన గుర్తొస్తాయి. ఆ తర్వాత ఆవిడ ఈ తదుపరి ఉత్తర్వులు ఎప్పుడొస్తాయండీ అని అడిగారు. సాధారణంగా రావండి అన్నాను. అయితే మంచి ఆఫీసేనండి మీది అన్నారు.

పదేళ్ళు దాటింది. ఆ తదుపరి ఉత్తర్వులు ఇంకా రాలేదు. ఆ బడి ఇప్పటికీ వాటికోసం ఎదురుచూస్తూనే నడుస్తోంది. ఆవిడ రిటైరయ్యే ముందు ఒక ఖాళీ నిండింది కూడా. గోడ మాత్రం కట్టారు, వద్దన్నా కట్టారు. మూసేద్దామనుకున్న బడికి అదే ఏడాది చుట్టూ గోడ లేచింది. మూడో ఏటి వరదకి రెండు వైపులు పోయింది. మిగిలిన దాని మీద కూర్చుని పిల్లలు మధ్యాహ్నం అన్నం తింటున్నారు. గోడ అన్నాక దేనికో దానికి పనికొస్తుందిలెండి అనేవారు ఆవిడ. పడవలో చూసిన ఆడమనిషి కూతురు ఏడు పాసై, ఇవతల హైస్కూల్లో చేరి, టీచర్ ట్రైనింగు దాకా వెళ్ళింది.

రిటైరయ్యాక కూడా ఆవిడ లంకలోనే తమ్ముడి ఇంట్లో ఉన్నారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. కిందటి శివరాత్రికి వెళ్ళినప్పుడు, ఆ రోజు మీరు నన్ను ఆ పడవలో ఎందుకు పట్టివ్వలేదండీ అని అడిగేశాను. పదేళ్ళుగా అడగాలనుకున్న మాట అది. పట్టిస్తే మీరు భయపడి రాసేవారండి, భయపడి రాసిన కాగితాలు మీ ఆఫీసులో బోలెడున్నాయి కదా అన్నారు. కృతజ్ఞత చెప్పబోతే వినలేదు. ఈ ఏడు గెడ పిల్లలు సరిగ్గా పాతుతారో లేదో అదే ఆవిడ ధ్యాస. అయినా నేను చెప్పాను. ఆవిడ విన్నారు. ఇప్పుడు నాకదే ఊరట.

కబురు అందిన రోజు నేను బయల్దేరుతుంటే, మా ఇప్పటి ఆఫీసరు గారు తాను కూడా వస్తానన్నారు. ఏరు లేని మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన మేడం, మా మండలంలో చేరి నెల కూడా కాలేదు. మేడం టేబుల్ మీదికి ఈమధ్యే మళ్ళీ చిన్న బడుల జాబితా అడిగే కాగితం ఒకటి వచ్చి ఉందని నాకు తెలుసు. ఇద్దరం రేవులో చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలోకి దిగాం. పది గంటలకే కాళ్ళు కాలుతున్నాయి. పుచ్చపాదులు, వాటి కాపలా పాకలు, అవతల అరటితోటలు, అన్నీ అప్పటిలాగే ఉన్నాయి. గెడ కూడా ఉంది. పిల్లలు సరిగ్గానే పాతారు. గాట్లు తాజాగా తెల్లగా ఉన్నాయి. గుడ్డ కొత్తది.

నేను ఏమీ అనకుండా దాన్ని దాటబోయాను. రెండడుగులు వేశాక వెనక అడుగుల చప్పుడు ఆగింది.

"ఏవండీ, ఈ గెడ ఎందుకు పాతారు ఇక్కడ?"

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. వెనక్కి తిరిగి మేడం పక్కన నిలబడి, ఆగస్టులో నీళ్ళు ఎక్కడి దాకా వస్తాయో చెప్పాను. ఆవిడ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు. మా ఇద్దరి తలల మీద, చాలా పైన, ఎర్రగుడ్డ పొడిగా ఎగురుతోంది. కాళ్ళు కాలుతున్నా ఆవిడ అక్కడి నుంచి కదలలేదు.